పరామర్శకు వెళ్లినట్టు కచేరీకి

మొన్నటి వేసవిలో ఉగాది మొదలుకొని కాలువలకు మళ్లీ నీళ్లు వదిలేదాకా, అంటే రెండు నెలలకు పైగా, నేను కోనసీమలో మా ఊళ్లోనే ఉండిపోయాను. మా అమ్మకు రెండు కళ్లకూ శుక్లాల ఆపరేషన్లు ఒకదాని తరువాత ఒకటి చేయించవలసి వచ్చింది. ముప్పయ్యేళ్లకు పైగా విశాఖపట్నం వైపు బడుల్లో లెక్కలు చెప్పి నిరుడే పదవీ విరమణ చేసినవాణ్ని కాబట్టి ఎవరినీ సెలవు అడగవలసిన పని లేదు. పగలంతా వడగాలి, వేళకు అమ్మ కంట్లో చుక్కలు వేయడం, పొద్దు వాలాక కొబ్బరి చెట్ల కింద కుర్చీలు వేసుకోవడం, రాత్రి ఒక సినిమా. మధ్యలో తొమ్మిది రాత్రులు కాలువ అవతలి ఊరి రామాలయం పందిట్లో సంగీతోత్సవం. ఆ వేసవి మొత్తం ఇదే.

చూసిన సినిమాల లెక్క నోటుపుస్తకంలో రాసుకున్నాను, పాత అలవాటు. మొత్తం 23. వాటిలో 19 పాతవి, ఇంట్లో టీవీ మీద చూసినవి. మిగిలిన నాలుగు కొత్తవి, అమలాపురం వెళ్లి ఏసీ హాల్లో చూసినవి. సినిమాలనూ కచేరీలనూ ఇలా పక్కపక్కన పెట్టి చూసే అవకాశం నాకు యాభై ఏళ్లుగా దొరకలేదు. దొరికిన తరువాత ఏర్పడిన అభిప్రాయాన్ని ఊళ్లో చెబితే ఒక్కరికీ నచ్చలేదు గనుక ఇక్కడ రాస్తున్నాను. మన సినిమా పాటలు మనకు సంగీతం వినే చెవినిచ్చాయి. మన సినిమా కథలు మాత్రం ఆ సంగీతాన్ని చూసి జాలిపడడం నేర్పాయి. ఆ జాలి ముదిరి ముదిరి ఇప్పుడు కచేరీకి వెళ్లేవాళ్లం వినడానికి కాక, పోబోయే మనిషిని ఒకసారి చూసి రావడానికి వెళ్లినట్టు వెళుతున్నాం.

మొదటి మాట నాకు మా అమ్మ వల్ల తెలిసింది. ఆపరేషన్ అయిన కొత్తలో నల్లద్దాలు పెట్టుకుని పడక కుర్చీలో కళ్లు మూసుకుని పడుకునేది కాబట్టి ఆమె సినిమాలు చూడలేదు, విన్నది. మాటలు నడుస్తున్నంతసేపూ కునుకు తీసేది. పాట రాగానే లేచి కుర్చీ చేతిమీద వేళ్లతో తాళం వేసేది. ఆమె సంగీతం నేర్చుకోలేదు. రాగాల పేర్లలో మోహన, కల్యాణి అనే రెండు తెలుసు, అవి కూడా చుట్టాల్లో ఆడపిల్లల పేర్లుగా. అయినా ఒక రాత్రి ఒక పాట వింటూ, "ఇదీ, మొన్న సోమవారం వచ్చిన పాటా అక్కచెల్లెళ్లురా" అన్నది. రెండింటికీ సంగీత దర్శకులు వేరు, కాలం వేరు, ఒకటి విరహం, ఒకటి దేవుడి పాట. తరువాత నేను వెతికి చూస్తే రెండూ కల్యాణే. సరస్వతీ గానసభ లాంటి నూరేళ్లు దాటిన సభ కాకినాడలో ఉన్నా, కోనసీమ లంకల్లో కాపురం చేసిన ఆడవాళ్లకు అక్కడికి వెళ్లే వీలు ఎన్నడూ లేదు. మా అమ్మకు కల్యాణిని ఇంటికి తెచ్చి ఇచ్చింది సినిమాయే. దీన్ని కాదన్నవాళ్లతో నాకు మాట లేదు.

నా చిన్నప్పుడు, అంటే 1970ల మొదట్లో, ఈ రెండూ వేర్వేరు చోట్ల ఉండేవి కూడా కావు. శ్రీరామనవమి పందిట్లో ముందు హరికథ జరిగేది. దాసుగారు మంగళం పాడి, హారతి పళ్లెంలో చిల్లర పోగయ్యాక, అదే పందిట్లో రెండు వెదురు గడలకు తెర కట్టి 16 ఎం.ఎం. ప్రొజెక్టరు మీద సినిమా వేసేవారు. జనం లేచి వెళ్లేవారు కారు, చాపలు కాస్త ముందుకు లాక్కునేవారు. చోటు చాలనివాళ్లు తెర వెనక కూర్చునేవారు, వాళ్లకు హీరో ఎప్పుడూ ఎడమచేతి వాటమే. కథ చెప్పిన దాసుగారు కూడా పట్టుపంచె మార్చుకోకుండానే ముందు వరుసలో కూర్చుని సినిమా చూసి, మరునాటి పిట్టకథలో ఆ వరసనే దూర్చేవారు. సినిమాకు సంగీతం భయపడుతోందన్న మాట ఆ పందిట్లో ఎవరికైనా చెబితే నవ్వి ఉండేవారు.

ఆ కాలపు పెద్ద విద్వాంసులు కూడా ఇటూ అటూ నడిచినవాళ్లే. ద్రాక్షారామంలో పుట్టిన ఈమని శంకరశాస్త్రి మద్రాసులో జెమినీ స్టూడియోలో పనిచేశారు. ఆయన శిష్యుడు, కాకినాడ బిడ్డ చిట్టిబాబు సినిమా పాటలకు వీణ వాయించారు. మా కోనసీమలోనే శంకరగుప్తంలో 1930లో పుట్టిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ సినిమాల్లో పాడారు, 1967లో భక్త ప్రహ్లాదలో నారదుడి వేషమూ వేశారు. ఆ గురుపరంపర చూస్తే బాలమురళి గురువు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు, ఆయనకు గురువు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి, ఆయనకు గురువు త్యాగరాజ శిష్యుడైన మానంబుచావడి వేంకటసుబ్బయ్య. ఇంత దగ్గరగా త్యాగయ్యకు చుట్టమైన మనిషి కిరీటం పెట్టుకుని తెరమీద చిడతలు వాయించడానికి సిగ్గుపడలేదు. ఆ పని వల్ల ఆయన సంగీతానికి వచ్చిన నష్టమూ లేదు.

మరి కథలు చేసిన అపకారం ఏమిటి? ఇక్కడ నా సంగతే చెప్పుకోవాలి.

1980 ఫిబ్రవరిలో శంకరాభరణం విడుదలైంది. మొదటి రోజుల్లో హాళ్లు వెలవెలబోయాయి, తరువాత నోటిమాట మీద జనం విరగబడ్డారు. ఇంటర్మీడియట్ చదువుతున్న నేను ఆ విరగబడిన జనంలో ఒకణ్ని. మూడుసార్లు చూసి, మూడుసార్లూ ఒకేచోట, అందులోని గాయకుడు శంకరశాస్త్రి పాడుతూ పాడుతూ కచేరీ వేదిక మీదే ఒరిగిపోయేచోట ఏడ్చాను. ఆ ఊపులో వీణ నేర్చుకుంటానని ఇంట్లో పేచీ పెట్టాను. మా నాన్న ధాన్యం డబ్బులో కొంత తీసి, పక్క ఊళ్లో ఒక టీచరుగారి దగ్గర చేర్పించారు. సరళీ స్వరాలు అయ్యాయి, జంట స్వరాలు అయ్యాయి. అలంకారాలు అనే తాళాల పాఠాల దగ్గరికి వచ్చేసరికి ఎడమచేతి వేళ్లు తీగమీద కోసుకుపోయి కాయలు కాచాయి. నాలుగో నెలలో మానేశాను. మానేసిన తరువాత కూడా ఆ సినిమా పాటలు రేడియోలో వస్తే కళ్లు చెమర్చేవి, నేను సంగీతాన్ని ప్రేమిస్తున్నానని నన్ను నేను నమ్మించుకునేవాణ్ని.

ఈ వేసవిలో ఆ సినిమా నాలుగోసారి చూశాను. గొప్ప సినిమా అన్న మాట ఇప్పుడూ వెనక్కి తీసుకోను. కాని అందులో సంగీతానికి జరిగే అవమానం ఉంది, దానికోసం చేసే త్యాగం ఉంది, ఆదరణ కరువైన గురువు పేదరికం ఉంది, అలంకారాలు మాత్రం లేవు. ఒకే పాఠాన్ని రోజుకు నలభైసార్లు వాయించే విసుగును రెండున్నర గంటల సినిమాలో చూపిస్తే ఎవరూ కూర్చోరు గనుక అది లేకపోవడం దర్శకుడి తప్పు కాదు. అయితే నేను హాల్లోంచి బయటికి తెచ్చుకున్నది మాత్రం కన్నీళ్లే. తమాషా ఏమిటంటే, కథలో కనిపించని ఆ సాధన పాటల వెనక నిండుగా ఉంది. శాస్త్రిగారి పాత్రకు గొంతు ఇచ్చిన ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం కర్ణాటక సంగీతం పద్ధతిగా నేర్చుకున్నవారు కారు. కె.వి. మహదేవన్ కట్టిన వరసలను ఆయన సహాయకుడు పుహళేంది దగ్గర కూర్చుని దిద్దుకుని దిద్దుకుని పాడి, జాతీయ అవార్డు తెచ్చుకున్నారు. తెరమీద సంగీతం చనిపోతోందని మేమంతా ఏడుస్తున్న సమయంలో, తెర వెనక ముప్పయ్యేళ్లు దాటిన మనిషి కొత్తగా సంగీతం నేర్చుకుంటున్నాడు.

లెక్కల మాస్టారి బుద్ధి కొద్దీ ఇంకొక పట్టిక వేశాను. ఈ వేసవి చూసినవాటిలో సంగీతమో నాట్యమో కథకు ప్రాణమైన సినిమాలు నాలుగు. శంకరాభరణంలో గాయకుడు పోతాడు, ఆయన వెనకనే ఆయన్ని గురువుగా కొలిచిన తులసి పోతుంది. సాగరసంగమం (1983)లో నాట్యం తెలిసినవాడు తాగి తాగి పోతాడు. స్వాతికిరణం (1992)లో గురువు అసూయను భరించలేక పసివాడే ప్రాణం తీసుకుంటాడు. రుద్రవీణ (1988) ఒక్కదానిలో తండ్రీ కొడుకులు ఇద్దరూ పాడుతూనే బతికి ఉంటారు, కాని దానికి డబ్బులు రాలేదు. నిజం బాలమురళిని చూడండి: ఎనిమిదేళ్ల వయసులో విజయవాడలో పాడడం మొదలుపెట్టిన మనిషి కొత్త రాగాలు కట్టి, పోట్లాడవలసిన వాళ్లతో పోట్లాడి, 2016లో 86 ఏళ్ల వయసులో వెళ్లిపోయారు. ఆ జీవితంలో మనం ఏడవడానికి చోటు తక్కువ. అందుకే కాబోలు దాన్ని కథగా చెప్పుకునేవాళ్లూ తక్కువ.

ఈ జాలి పందిట్లోకి దిగితే ఎలా ఉంటుందో ఆరో రాత్రి చూశాను.

కాలువ అవతలి ఊళ్లో పాడ్యమి నుంచి నవమి దాకా రోజూ ఒక కచేరీ. పందిరికి తాటాకు పోయి రేకులూ గుడ్డలూ వచ్చాయి, చాపలు పోయి ప్లాస్టిక్ కుర్చీలు వచ్చాయి. అవి పెద్ద మార్పులని నేను అనుకోను. వేదిక వెనక కట్టిన ఫ్లెక్సీలో దాతల ముఖాలు పనసకాయలంత, పాడేవాళ్ల ముఖాలు తపాలా బిళ్లలంత ఉన్నాయి. ఆహ్వానపత్రంలో సాయంత్రం ఆరున్నరకు సభ, ఏడింటికి గాత్రకచేరీ అని వేశారు. ముఖ్య అతిథి రాలేదు. ఆయన వచ్చేదాకా ఖాళీ లేకుండా సన్నాయి మేళాన్ని వాయించమన్నారు. తొమ్మిది రోజులూ తెల్లవారుజామున స్వామివారి మేలుకొలుపు నుంచి రాత్రి పవళింపుసేవ దాకా ఉన్నది ఆ మేళమే. కరపత్రంలో వాళ్ల పేర్లు లేవు, "మంగళవాద్యములు" అని ఉంది.

మామూలుగా అయితే ఆ నింపుడు సమయంలో చిన్న చిన్న కీర్తనలు, నాలుగు సినిమా పాటలు వాయించేస్తారు. ఆ రోజు ఆ సన్నాయి విద్వాంసుడికి ఏం తోచిందో, ఖరహరప్రియ రాగం, తాళం లేని ఆలాపన అందుకున్నాడు. డోలు అతను కర్ర పక్కన పెట్టి చేతులు కట్టుకుని కూర్చున్నాడు. మొదటి ఐదు నిమిషాలు ఎవరూ పట్టించుకోలేదు. ఆయన తొందరపడలేదు, గాంధార స్వరం దగ్గర ఆగి, దాన్ని ఊపి, వదిలి, మళ్లీ కిందికి వెళ్లి కొత్త దారిలో అక్కడికే వచ్చేవాడు. వినగా వినగా ఈసారి ఎటునుంచి వస్తాడా అని నేను ఎదురుచూడడం మొదలుపెట్టాను. పక్కకు చూస్తే ఎదురుచూస్తున్నది నేనొక్కణ్నే కాదు. పానకం కలుపుతున్న ఆడవాళ్ల గరిటెలు ఆగాయి. బల్బుల తోరణం సరిచేస్తున్న కుర్రాడు నిచ్చెన మీదే ఉండిపోయాడు. దాళ్వా వరి కోతల నుంచి నేరుగా వచ్చినట్టున్న ఇద్దరు పందిరి గుంజకు ఆనుకుని నిలబడ్డారు, వాళ్ల లుంగీలకు ఇంకా ధాన్యపు నూగు ఉంది. వీళ్లలో ఎవరికీ సంగీతం అంతరించిపోతోందన్న సంగతి గుర్తున్నట్టు లేదు. ఇరవై నిమిషాలు అలా సాగి, ఆయన తారస్థాయికి చేరి అక్కడ నిలబడి ఉండగా రోడ్డు మీద కారు హారను వినిపించింది. కమిటీ మనిషి ఒకరు వేదిక మెట్ల మీదినుంచి చెయ్యి ఊపారు. సన్నాయి రెండు ఊపిరుల్లో షడ్జానికి దిగి ఆగిపోయింది. ఆయన వాద్యాన్ని తువ్వాలుతో తుడిచి, లేచి, వచ్చిన పెద్దమనిషికి దారి ఇచ్చాడు.

తరువాత నలుగురు మాట్లాడారు. నా గడియారం ప్రకారం శాలువాలతో కలిపి 55 నిమిషాలు. నలుగురూ చెప్పింది ఒకటే: శాస్త్రీయ సంగీతం కొనఊపిరితో ఉంది, సినిమా దాన్ని చంపింది, యువతకు పట్టదు, మనమే కాపాడుకోవాలి. అందులో ఒకరు సినిమా చేసిన హత్యకు సాక్ష్యంగా శంకరాభరణంలోని మాటలనే ఉదహరించారు. జనం చప్పట్లు కొట్టారు, మంచి మాటలు కదా. పందిరి అంచున కొబ్బరి దుంగ మీద కూర్చుని సన్నాయి విద్వాంసుడు టీ తాగుతున్నాడు. రాత్రి పది దాటితే మైకు కట్టేయాలన్న నిబంధన ఉంది, అంతకుముందే హారతి కావాలి. అందువల్ల నగరం నుంచి వచ్చిన గాయనికి మిగిలింది గంటా ఇరవై నిమిషాలు. ఆమె పెద్ద రాగం వదిలేసింది, తని ఆవర్తనం, అంటే మృదంగం ఒక్కటే వాయించే భాగం, మూడు నిమిషాల్లో ముగించమని మృదంగానికి సైగ చేసింది. వచ్చిన జనంలో సగానికి పైగా ప్రసంగాలు కాగానే లేచిపోయారు. పరామర్శ అయిపోయింది గనుక వాళ్లను తప్పుపట్టలేము. పోయినవాళ్ల ఇంట్లో ఎవరూ ఎక్కువసేపు కూర్చోరు.

నేను ఇంటికి వచ్చేసరికి అమ్మ మేలుకునే ఉంది. మైకు కొమ్ములు కాలువ మీదుగా మా పెరట్లోకి వినిపిస్తాయి. మా ఊళ్లలో ఎవరైనా కన్నుమూస్తే గుడి తలుపులు వేసి, మైకు కట్టేయడం ఆచారం. అది మనసులో పెట్టుకుని అడిగింది: "ఆ సన్నాయి అంత బాగా వాయిస్తుంటే మధ్యలో ఆపేశారేంరా? ఊళ్లో ఎవరైనా పోయారా?"

మర్నాడు పొద్దున్నే వెళ్లి ఆ విద్వాంసుడితో మాట్లాడాను. నా ఆవేశం ఆయనకు లేదు. "పెళ్లిళ్లలో ఫొటోల వాళ్లు ఆపుతారండి, ఇక్కడ పెద్దోళ్లు ఆపుతారండి, అలవాటేనండి" అన్నాడు. కళ అంతరించిపోతోందా అని అడిగితే అర్థం కానట్టు చూశాడు. ఆయన బాధ అంతా సన్నాయి మొనన పెట్టుకుని ఊదే పుల్లల గురించి. కావేరి ఒడ్డున పెరిగే ఒక రకం గడ్డితో వాటిని అరవదేశంలో చేస్తారు. మంచివి దొరకడం కష్టం, దొరికినా మా ఎండలకు చీలిపోతాయి, రాత్రిపూట తడిగుడ్డలో చుట్టి పెట్టుకోవాలి. గంటసేపు వాటి గురించే చెప్పాడు, నేను విన్నాను. ఈ డెల్టాకు కావేరి నుంచి వచ్చినవి ఎన్ని అని అప్పుడు తోచింది. కావేరి మీద ఆనకట్టల పని చేసిన అనుభవంతోనే కాటన్ దొర ధవళేశ్వరం వచ్చాడు. త్యాగయ్య తిరువయ్యారులో కన్నుమూసిన 1847లోనే ఇక్కడ గోదావరి మీద ఆనకట్ట పని మొదలై 1852కు పూర్తయింది. ఆ నీళ్లతో పండిన ధాన్యమే తరువాత సభలకూ, సినిమా హాళ్లకూ, నా నాలుగు నెలల వీణకూ డబ్బయింది. నీళ్ల విషయంలో మనం ఎప్పుడూ ఏడుస్తూ కూర్చోలేదు, షట్టర్లు ఎత్తాము, పూడిక తీశాము. ఏటా వేసవిలో కాలువలు కట్టేసేది ఆ పనికోసమే. సంగీతానికి కూడా అలాంటి చిల్లర పనులే కావాలి: వేళకు మొదలుపెట్టడం, కరపత్రంలో పేరు వేయడం, పుల్లల ఖర్చు ఇవ్వడం.

ఈ మాటే కమిటీలో నాకు చిన్నప్పటి నుంచి తెలిసిన ఒకాయనతో అన్నాను. ఆయన కొట్టిపారేయలేదు, కాని ఎదురు ప్రశ్న వేశాడు. "మాస్టారూ, మన కుర్రాళ్లు సగం మంది మస్కట్లోనూ కువైట్లోనూ ఉన్నారండి. కచేరీ బాగుంటుంది, డబ్బు పంపండంటే ఎవరూ పంపరండి. సంగీతం చచ్చిపోతోంది, ఈ ఏడాది మానేస్తామేమో అంటే రెండు రోజుల్లో చందా పోగవుతుందండి. మీరు చెప్పండి, నేనేం అనాలి?" నా దగ్గర దీనికి గట్టి సమాధానం లేదు. జాలి వల్లే ఆ తొమ్మిది రాత్రులు జరుగుతున్నాయన్నది నిజం. అయితే ఆ జాలి తన చందాకు బదులుగా 55 నిమిషాలు తిరిగి తీసుకుంటోందన్నదీ నిజమే. ఎవరి డబ్బు ఎవరికి పోతోందో లెక్క ఒకసారి వేసుకోవాలి కదా అన్నాను. ఆయన నవ్వి, లెక్కలు మీరు చెప్పాలి గాని మేమెంత అన్నాడు.

అమలాపురంలో చూసిన కొత్త సినిమాల గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. వాటిలో పాట వచ్చినప్పుడు కుర్రాళ్లు లేచి బయటికి వెళ్లి ఫోను చూసుకుని వస్తున్నారు, మా పందిట్లో తని ఆవర్తనానికి పెద్దవాళ్లు లేచి వెళ్లినట్టే. పోనీ, ఆ సినిమాలకు సంగీతం మీద జాలి లేదు. వాటిలో ఒకదానిలో సన్నాయి ముక్క ఒకటి ఫైటింగు వెనక వచ్చింది. అమ్మను రెండో కన్ను నయమయ్యాక ఆ సినిమాకు తీసుకువెళితే, ఫైటింగంతా కళ్లు మూసుకుని కూర్చుని, "ఇదీ ఆ రోజు మధ్యలో ఆపేసిన దాని చెల్లెలేరా" అన్నది. నాకైతే పోలిక తెలియలేదు.

జూన్ మొదటి వారంలో కాలువకు నీళ్లు వచ్చాయి. నేను విశాఖపట్నం బయలుదేరే ముందురోజు కమిటీవాళ్లు ముగ్గురు ఇంటికి వచ్చారు. వచ్చే ఏడాది ఉత్సవంలో ఒక రాత్రి నన్ను అతిథిగా పిలవాలనుకుంటున్నారట. నేను రాను, నా వంతు సమయం సన్నాయి మేళానికి ఇవ్వండి, ఖరహరప్రియ ఆ రోజు ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి వాయించనివ్వండి అన్నాను. ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వాళ్లలో పెద్దాయన ఎంతో సంతోషంగా నా చెయ్యి పట్టుకుని, "ఆయ్, తప్పకుండానండి, చాలా మంచి మాటండి. కాకపోతే ఆ ముక్కేదో మీరే స్టేజీ ఎక్కి, సన్నాయి గొప్పతనం గురించి ఓ పది నిమిషాలు చెప్పాలండి" అన్నాడు.